ఇంజిన్ వెనక ఇల్లు

రెండేళ్లకోసారి మాఘమాసం దగ్గరపడుతుందనగా కమాన్‌పూర్, మంథని, కాటారం దారుల్లో ట్రాక్టర్ల వేషం మారిపోతుంది. నిన్నటిదాకా వడ్ల బస్తాలు మోసిన డబ్బా మీద వెదురు బొంగులు లేస్తాయి. వాటి మీద టార్పాలిన్ పడుతుంది. అడుగున వరిగడ్డి, గడ్డి మీద చాపలు, ఒక మూలకు బియ్యం మూట, గంజులు, నీళ్ల డ్రమ్ము, ఇంకో మూలకు కోళ్ల గంప. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర నాలుగు రోజులు. రాకపోకలు, మొక్కులు, విందులు కలిపితే అడవిలో విడిది ఇంకా పెరుగుతుంది. తాతల కాలంలో ఎడ్లబండి కింద గడిచిన ఆ రాత్రులు ఇప్పుడు ట్రాక్టరు డబ్బాలో గడుస్తున్నాయి.

అమెరికాలో, ఐరోపాలో ఇదే పనికి ఫ్యాక్టరీలో తయారైన ట్రావెల్ ట్రైలర్లు దొరుకుతాయి. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, ముందు ఒక పికప్ ట్రక్కు. హంగులు వేరే కానీ లెక్కలు ఒక్కటే. హుక్కుకు తగిలించిన బరువు ఎలా ప్రవర్తిస్తుంది? కరెంటు తీగ అందని చోట బ్యాటరీ ఎన్ని గంటలు ఓర్చుకుంటుంది? ఈ రెండింటికీ జవాబు కావాలంటే ముందు ఒక పాత ప్రశ్నను పక్కన పెట్టాలి. ఊళ్లో డబ్బా తగిలించే ముందు అందరూ అడిగేది, "ఇంజిన్ లాగుతదా?" అని. 45 హెచ్‌పీ ట్రాక్టరు నిండా లోడున్న డబ్బాను లాగుతుంది, అందులో అనుమానం లేదు. ఆపగలుగుతుందా అన్నదే అసలు సంగతి.

మామూలు ట్రాక్టరు సుమారు రెండు టన్నులు తూగుతుంది. సామానుతో నిండిన డబ్బా నాలుగు టన్నులనుకుందాం. మన రోడ్ల మీద తిరిగే డబ్బాల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. అంటే ఆరు టన్నుల బండిని రెండు టన్నుల ట్రాక్టరు టైర్లే పట్టి ఆపాలి. టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది గనక, ఆగే దూరం ఇంచుమించు మూడింతలవుతుంది. ట్రాక్టరు ఒక్కటే గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి 8 మీటర్లలో ఆగుతుందనుకుంటే, డబ్బాతో 24 మీటర్లు కావాలి. డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోపు బండి దొర్లే దూరం దీనికి అదనం. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే.

వేగం ఇంకో మెలిక పెడుతుంది. చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 25 నుంచి 35 కిలోమీటర్లకు పెంచితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. కమాన్‌పూర్ నుంచి మేడారం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పది కిలోమీటర్ల వేగం పెంచితే కలిసొచ్చేది ఒక గంట.

ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లు ఉండటానికి కారణం పొలం. కుడి చక్రాన్నో ఎడమ చక్రాన్నో విడిగా పట్టేస్తే దున్నే సాలు చివర బండి ఉన్నచోటే తిరుగుతుంది. అదే సౌకర్యం తారురోడ్డు మీద ప్రాణం తీస్తుంది. ఒక్క పెడలే కాలికి అందితే ఇంజిన్ పక్కకు తిరుగుతుంది, వెనక డబ్బా మాత్రం నేరుగా నెట్టుకొస్తుంది, రెండూ కత్తెర పడతాయి. అందుకే రెండు పెడళ్లను కలిపే చిన్న లాచీ ఉంటుంది. ఊరు దాటకముందే అది వేసి ఉందో లేదో చూసుకోవాలి. చాలా ట్రాక్టర్లలో అది తుప్పుపట్టి వేలాడుతూ కనిపిస్తుంది.

దిగుడు వచ్చినప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ఇంకో అలవాటు. రామగుండం పరిసరాల ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసే డంపర్ డ్రైవరును అడిగితే దీని సంగతి చెబుతాడు. గని రోడ్ల వాలు సాధారణంగా 16 అడుగులకు ఒక అడుగు మించకూడదని నిబంధన. ఆ వాలులో కూడా డంపరును చక్రాల బ్రేకుల మీద దించరు, వేగాన్ని అదుపులో పెట్టే రిటార్డర్ మీద దించుతారు. బ్రేకు ఎడతెగకుండా రాసుకుంటే వేడెక్కుతుంది, వేడెక్కితే పట్టు సడలుతుంది. ట్రాక్టరుకు రిటార్డర్ ఉండదు, చిన్న గేరు ఉంది. ఏ గేరులో ఎక్కగలిగే దిగుడో ఆ గేరులోనే దిగడం మంచిది, అదీ దిగుడు మొదలుకాకముందే గేరు మార్చుకుని. సగం దిగాక క్లచ్ తొక్కితే గేరు పడకపోవచ్చు, అప్పటికి బండి చేతిలో ఉండదు.

ఇక సామాను ఎక్కడ పెట్టాలన్నది. రెండు చక్రాల డబ్బా తన ఇరుసు మీద త్రాసులా నిలబడుతుంది. ఇరుసుకు ముందు పెట్టిన బరువులో కొంత హుక్కు మీద పడుతుంది, వెనక పెట్టింది హుక్కును పైకి లేపుతుంది. ఇరుసు నుంచి హుక్కుకు మూడు మీటర్లు ఉందనుకుంటే, రెండు వందల లీటర్ల నీళ్ల డ్రమ్మును ఇరుసుకు మీటరు ముందు పెడితే హుక్కు మీద 67 కిలోలు పడతాయి. అదే డ్రమ్మును ఇరుసుకు మీటరు వెనక పెడితే హుక్కును 67 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. డ్రమ్ము ఒక్కటే, తేడా 134 కిలోలు. డబ్బా వెనకభాగం బరువైతే హుక్కు ట్రాక్టరు వెనక చక్రాలను తేలిక చేస్తుంది. బ్రేకులున్నవి ఆ చక్రాలకే.

కారు వెనక ట్రైలరు లాగేవాళ్లు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద పడేలా సర్దుకుంటారు. వాళ్ల భయం వేరు. వెనక బరువెక్కువైన ట్రైలరు వంద కిలోమీటర్ల వేగంలో చిన్న గాలి తోపుకే ఊగడం మొదలుపెట్టి, ప్రతి ఊపుకూ పెరుగుతూ చివరికి కారును కూడా తిప్పేస్తుంది. ట్రాక్టరు వేగానికి ఆ ఊగుడు దాదాపు రాదు. మన డబ్బాకు పది శాతం సూత్రం పనికొచ్చేది వెనక చక్రాల పట్టు కోసం. అలాగని ముందుకు మరీ ఎక్కువ నెట్టకూడదు. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేస్తే స్టీరింగ్ ఉన్నా లేనట్టే. హుక్కు ఎత్తు కూడా చూసుకోవాలి. వెనక ఇరుసు మధ్యభాగం కంటే పైన తగిలిస్తే, లాగే బలమే ట్రాక్టరును వెనక్కి తిరగేస్తుంది. బురదలో దిగబడ్డ డబ్బాను లాగబోయి ట్రాక్టర్లు తిరగబడేది ఇలాగే.

సామాను సంగతి చెప్పుకుంటూ మనుషుల ఊసెత్తకపోతే అబద్ధమాడినట్టే. డబ్బా సరుకుల బండి. అందులో మనుషుల్ని ఎక్కించుకోవడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా చేతికందడం కూడా కష్టం. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలోకి పల్టీ కొట్టి 15 మంది చనిపోయారు. డబ్బాలో సీట్లుండవు, పట్టుకోవడానికేమీ ఉండదు. మలుపులో జనమంతా ఒక పక్కకు ఒరిగితే బరువు కేంద్రం కూడా వాళ్లతోపాటే ఒరుగుతుంది. బియ్యం మూట కనీసం పెట్టిన చోట ఉంటుంది. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు ఎటూ వేస్తుంది. మనుషులు బస్సులో, సామాను డబ్బాలో పోయి అక్కడ కలుసుకుంటే సరిపోతుంది. ఈ సలహాను జాతర దారిలో ఎంతమంది వింటారన్నది వేరే మాట.

హుక్కుకు వేసే పిన్ను గురించి బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంక్లైన్‌లో , అంటే గనిలోకి దిగే వాలు దారిలో, హాలేజీ రోప్ లాగే బొగ్గు టబ్బుల మధ్య కప్లింగ్ ఊడితే ఏమవుతుందో వాళ్లు తరాలుగా ఎరుగుదురు. అందుకే గనిలో ఒక్క కప్లింగ్‌ను నమ్మి ఊరుకోరు. దారిలో స్టాప్ బ్లాకులు ఉంటాయి. ఎగువకు పోయే టబ్బుల వెనక, జారితే నేలలో గుచ్చుకుని ఆపే ఇనుప ఊతం ఉంటుంది. పట్టు ఒకటి తప్పితే ఇంకొకటి ఆదుకోవాలన్నది అక్కడి పద్ధతి. రోడ్డు మీద డబ్బాకు మాత్రం చాలామంది ఒక్క పిన్ను వేసి, దాని కింద క్లిప్పు బదులు మేకు వంచి పెడతారు. పిన్నుకు సరైన క్లిప్పు, దానికి తోడు హుక్కుకూ డబ్బాకూ కలిపి ఒక గొలుసు, ఆగినప్పుడు చక్రాల కింద చెక్క దిమ్మెలు ఉండాలి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక టైరు ధరలో పిసరంత. రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన డబ్బా వెనక నుంచి వచ్చేవాళ్లకు కనిపించదు గనక, వెనక తలుపుకు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా అతికించాలి. దానికి కరెంటు అక్కర్లేదు, పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది.

కరెంటు మాటకొస్తే, ఈ ప్రయాణం మొదలయ్యే చోటు తమాషా అయినది. కమాన్‌పూర్‌కు పక్కనే రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం, అందులో మండే బొగ్గు సింగరేణిది. అంత కరెంటు పుట్టే చోటు నుంచి బయలుదేరిన కుటుంబం అడవిలో ఫోను చార్జింగు కోసం వెతుక్కుంటుంది. అమ్మవార్ల గద్దెల చుట్టూ దీపాలు వెలుగుతాయి, విడిది మాత్రం దూరంగా చెట్ల కింద. తాత్కాలిక లైన్ల మీదికి కొక్కెం విసిరే సాహసం ఎవరూ చేయకూడదు. తడి నేల మీద, ఇనుప డబ్బాలో అది ఆత్మహత్యే.

ఈ ప్రాంతానికి గ్రిడ్డు లేని కరెంటు కొత్తేమీ కాదు. గని కార్మికుడి టోపీ మీద వెలిగే క్యాప్ ల్యాంపు అదే కదా. దశాబ్దాలపాటు అది నడుముకు కట్టుకున్న నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీతో వెలిగింది, తర్వాత ఎల్‌ఈడీలు, లిథియం బ్యాటరీలు వచ్చి బరువు తగ్గింది. షిఫ్టు అయ్యాక దీపం ల్యాంప్ రూముకు చేరాలి, చార్జింగుకు ఎక్కాలి, మర్నాడు నిండా ఉన్నదే చేతికి రావాలి. షిఫ్టు మొత్తానికి ఎంత శక్తి కావాలో ముందే లెక్కగట్టి, అంతకంటే కొంచెం ఎక్కువ ఇచ్చి పంపడం అక్కడి క్రమశిక్షణ. జాతర డబ్బాకు అదే లెక్క కావాలి.

ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీని తీసుకుందాం. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది సుమారు 900, అంటే ఒక యూనిట్‌కు కాస్త తక్కువ. ఎన్టీపీసీలో అంత కరెంటు పుట్టించడానికి ఆరేడు వందల గ్రాముల బొగ్గు చాలు. డబ్బాలో మోయాల్సిన బ్యాటరీ మాత్రం యాభై కిలోల పైమాటే. ఇంచుమించు అంతే వాడుకోదగ్గ శక్తినిచ్చే 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ధర ఎక్కువే, మోసేవాళ్ల నడుము మాత్రం దాన్నే మెచ్చుకుంటుంది.

ఆ 900తో ఏమొస్తుంది? నాలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు గంటలు వెలిగితే 216. పది ఫోన్లు ఒకసారి నిండా చార్జి అయితే, నష్టాలతో కలిపి, 250. పాటల కోసం 50 వాట్ల స్పీకరు నాలుగు గంటలు మోగితే 200. మొత్తం 666. ఒక రాత్రి హాయిగా గడిచిపోయింది. ఇప్పుడు ఎవరో తెలివిగా ఇంట్లోని ఇండక్షన్ స్టవ్ తెచ్చారనుకుందాం. 1,500 వాట్ల స్టవ్ అరగంట నడిస్తే 750 పోయింది, రాత్రికి చీకటే. పైగా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 1,500 వాట్లు లాగాలంటే 125 ఆంపియర్లకు పైగా ప్రవహించాలి. ఇంట్లో వాడే సన్న తీగ ఆ ప్రవాహానికి పొగలు కక్కుతుంది, కింద ఎటూ వరిగడ్డే.

వేడి పుట్టించే పని బ్యాటరీకి అప్పగించకూడదన్నది ఈ లెక్క చెప్పే మాట. ఇంటి గ్యాస్ సిలిండరులో 14.2 కిలోల ఎల్‌పీజీ ఉంటుంది, అందులో దాగిన శక్తి సుమారు 180 యూనిట్లు. పైన చెప్పిన ట్యూబులర్ బ్యాటరీలు రెండు వందలు తెస్తే గానీ దానికి సరితూగవు. వంటకు గ్యాసో కట్టెలో, వెలుగుకూ ఫోన్లకూ బ్యాటరీ.

తీగ మందం విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఇంట్లో 230 వోల్టులకు అలవాటైన చెయ్యి, 12 వోల్టులకూ అదే తీగ లాగుతుంది. వంద వాట్ల లోడుకు 12 వోల్టుల దగ్గర 8.3 ఆంపియర్లు కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగను పది మీటర్లు లాగితే, పోనూ రానూ ఇరవై మీటర్ల నిరోధంలో దాదాపు మూడు వోల్టులు కరిగిపోతాయి. చివర బల్బుకు అందేది తొమ్మిది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం సుమారు 1.2 వోల్టులకు తగ్గుతుంది. బ్యాటరీని వాడే చోటికి దగ్గరగా పెట్టి, ప్లస్ మొన పక్కనే ఫ్యూజు వేస్తే సగం తలనొప్పి తీరినట్టే.

ట్రాక్టరు బ్యాటరీనే వాడుకుంటే పోదా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. స్టార్టరు బ్యాటరీ పలకలు పలుచగా ఉంటాయి. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి తయారైనది, రాత్రంతా నెమ్మదిగా ఖాళీ కావడానికి కాదు. నాలుగు రాత్రులు అలా వాడితే తిరుగు ప్రయాణంలో ఇంజిన్‌ను నెట్టాల్సి వస్తుంది. బ్యాటరీ నింపడానికి ఇంజిన్‌ను ఊరికే తిప్పుతూ కూర్చోవడం అంతకంటే దండగ. లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల శక్తి ఉన్నా, ఐడిలింగ్‌లో ఆల్టర్నేటరు ద్వారా బ్యాటరీకి చేరేది అందులో చాలా తక్కువ. దారిలో ఇంజిన్ ఎటూ నడుస్తుంది కాబట్టి నాలుగైదు గంటల ప్రయాణంలో డబ్బా బ్యాటరీని కూడా చార్జి చేసుకోవచ్చు. ఆగాక రెండింటినీ విడదీసే స్విచ్చు ఒక్కటి చాలు.

పగలంతా ఎండ ఉన్న దేశంలో సోలార్ ప్యానెల్ సహజమైన జవాబు. రామగుండం జలాశయం మీదే 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం ఉంది. 40 బ్లాకులుగా, దాదాపు 500 ఎకరాల నీటి మీద పరుచుకున్న ఆ కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. నీటి మీద కట్టడంలో ఒక లాభం చల్లదనం. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి ఇంచుమించు 0.4 శాతం పడిపోతుంది. ఈ బొగ్గు గనుల ప్రాంతపు మే నెల ఎండలో 65 డిగ్రీలకు చేరిన ప్యానెల్ ఆరో వంతు పోగొట్టుకుంటుంది. ఆ విధంగా చూస్తే మాఘమాసం ప్యానెల్‌కు మంచి కాలం. ఎండ ఉంటుంది, వేడి ఉండదు.

వంద వాట్ల ప్యానెల్ బాగా పెడితే రోజుకు 350 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. బాగా పెట్టడంలోనే ఉంది కిటుకంతా. 2024 జాతర ఫిబ్రవరి 21న మొదలైంది, 2026లో జనవరి 28కే వచ్చింది. ఫిబ్రవరి మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 60 డిగ్రీల ఎత్తున ఉంటాడు, జనవరి చివర్లో 53 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. కాబట్టి ప్యానెల్‌ను దక్షిణానికి 30 నుంచి 37 డిగ్రీలు వాల్చాలి. డబ్బా పైన పడుకోబెట్టి తాడు కట్టేస్తే ఆ మేరకు నష్టం. అంతకంటే పెద్ద నష్టం నీడ. ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి, ఒక్క సెల్ మీద మోదుగాకు నీడ పడినా ఆ వరసంతా మందగిస్తుంది. మనుషులకు చెట్టు నీడ కావాలి, ప్యానెల్‌కు అది పనికిరాదు. డబ్బాను నీడలో నిలిపి, ప్యానెల్‌ను విడిగా ఎండలో పెట్టి మధ్యలో మందపాటి తీగ వేయాలి. జాతర దుమ్మును పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే తడిబట్టతో తుడవాలి.

చిన్న జనరేటరు తెచ్చుకునేవాళ్లకు చప్పుడు కంటే పెద్ద ప్రమాదం పొగ. చలికి టార్పాలిన్‌ను నాలుగు వైపులా కిందికి దించి కట్టేస్తారు. పక్కనే జనరేటరు నడిచినా, లోపల కుంపటి పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు జాతర అలసటే అనిపిస్తాయి. గనిలో అగ్ని, పేలుడు తర్వాత మనుషుల్ని చంపేది ఎక్కువగా ఈ వాయువే. కార్మికులు నడుముకు కట్టుకునే ఫిల్టర్ సెల్ఫ్ రెస్క్యూయర్ దీనికోసమే పుట్టింది. అందులోని మాంగనీసు, రాగి ఆక్సైడ్ల మిశ్రమం మోనాక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మారుస్తుంది. డబ్బాలో అలాంటిదేమీ ఉండదు కాబట్టి జనరేటరు దూరంగా, గాలి వాలుకు ఉండాలి. కుంపటి పడుకునే ముందే బయటికి పోవాలి, టార్పాలిన్ ఒక పక్క పైకి కట్టి ఉండాలి.

మొక్కు తీరి ఇంటికి చేరాక డబ్బా కడిగి, బొంగులు విప్పి, అందరూ నిద్రకు పడతారు. బ్యాటరీని మాత్రం ఆ రాత్రే చార్జింగుకు పెట్టాలి. సగం ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడతాయి, రెండు మూడు వారాల్లో దాని సామర్థ్యం తిరిగిరానంతగా తగ్గిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, నిండాక తీసి, నెలకోసారి మళ్లీ చార్జి చేస్తూ ఉంటే అదే బ్యాటరీ తర్వాతి జాతరకూ వస్తుంది. లిథియం బ్యాటరీకి ఈ తొందర లేదు. సగం చార్జితో చల్లని చోట పెడితే చాలు.